ఇంట్లో తెలుగు మానకండమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను పాతపట్నంలో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదువుకున్నాను. మా వారికి ఇక్కడ బట్టల కొట్టు ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మా పాప ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి చదువుతోంది, సీబీఎస్ఈ సిలబస్. లెక్కలు, సైన్సు బాగానే చేస్తుంది. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి టెన్షన్. సిమిలీ, మెటాఫర్, పర్సానిఫికేషన్ అంటూ నిర్వచనాలు గడగడా అప్పజెబుతుంది. పద్యం ముందు పెట్టి ఇందులో ఏముందో చెప్పమంటే తెల్లమొహం వేస్తుంది. ఈమధ్య డిబేట్ కోసమని ఈథోస్, పాథోస్, లోగోస్ అని కొత్తగా చెప్పారు. అవి అసలు తలకెక్కడం లేదు. మొన్న పేరెంట్స్ మీటింగులో టీచరు గారు "ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఇక ఇంగ్లీషు ఎలా వస్తుంది? ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. నా వల్లే పాప వెనకబడుతోందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు:

అమ్మా, ముందు ఆ నిద్ర పట్టని సంగతి చూద్దాం. మీ పాప ఇబ్బందికి మీ ఇంటి తెలుగు కారణం కాదు. నేను గుణుపురంలో ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. తెలుగిళ్ల పిల్లలు, ఒడియా ఇళ్ల పిల్లలు, కొండ మీది నుంచి వచ్చే సవర పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఇంగ్లీషు పద్యాన్ని ఇట్టే పట్టుకునే పిల్లలు ఎవరా అని చూస్తే, ఏ భాషలోనైనా సరే కబుర్లు, కథలు, సామెతలు, వాదులాటలు బాగా సాగే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువగా కనిపించేవారు. మీరు రేపటి నుంచి తెలుగు మానేసి వచ్చీరాని ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడటం మొదలుపెడితే పాపకు ఇంగ్లీషు రాదు సరికదా, అమ్మతో మాట్లాడటం తగ్గిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

మీరున్న ఊరు ఎలాంటిదో కూడా ఒకసారి గుర్తు చేస్తాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. జనం నోట్లో ఉన్న తెలుగులో చదువు చెప్పాలని జీవితమంతా వాదించారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి ఊళ్లో ఉంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నందుకు ఒక తల్లి నిద్ర మానుకోవడం నాకు చాలా బాధగా ఉంది.

టీచరు గారి మీద కోపం మాత్రం పెట్టుకోకండి. పిల్లల చెవిన ఇంగ్లీషు తక్కువ పడుతోందన్న ఆయన బెంగ నిజమే. దానికి మందు రోజూ ఒక పావుగంట పాఠాన్ని పైకి చదవడం. అది పాప చేసుకోగలదు, మీరు పక్కన కూర్చుని వింటే చాలు. కానీ మీరు రాసిన చిక్కు వేరు. నిర్వచనం నోటికి వచ్చి, పద్యంలో గుర్తు పట్టలేకపోతోందంటే, ఆ అలంకారం అక్కడ ఏం పని చేస్తోందో పాపకు ఇంతవరకు ఎవరూ చూపించలేదన్నమాట. ఆ చూపించే పనికి మీ తెలుగే పనికొస్తుంది.

రేపు పొద్దున్నుంచి రాత్రి దాకా మీ ఇంట్లో దొర్లే మాటల్ని కాస్త గమనించండి. "ఎండ మండిపోతోంది" అంటారు మీరు. "నిద్ర ముంచుకొస్తోంది" అంటుంది పాప. కొట్టు కట్టేసి వచ్చిన మీ వారు "ఈ నెల బేరాలు పడుకున్నాయి" అంటారు. పక్కింటావిడ "తొందరపడి మాట జారాను" అని నొచ్చుకుంటుంది. నిద్ర ఏరు కాదు కదా, ముంచుకు రావడానికి? వానాకాలంలో మహేంద్రతనయ నది పొంగి వచ్చినట్టు, మన చేతిలో లేనిదేదో మీదికి వచ్చేస్తోందని చెప్పడానికి నీటి మాటను తెచ్చి నిద్రకు పెట్టాం. మాట చేతిలోంచి జారే గిన్నె కాదు. అయినా జారాక మళ్లీ పట్టుకోలేమన్న బాధ అంతా ఆ ఒక్క 'జారడం'లో ఉంది. మెటాఫర్ అంటే ఇదే. ఆ మాటకు గ్రీకులో మూలార్థం కూడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లడమే.

ఇలాంటివి ఒక పది పాప చేత నోట్సులో రాయించండి, తెలుగులోనే. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయాలి: ఈ మాట అసలు దేనిది, ఇక్కడ దేనికి వాడాం, వాడటం వల్ల ఏం తెలిసింది. మూడోది రాయడానికి పాప పెన్ను ఆగుతుంది. ఆగనివ్వండి. పరీక్షలో మార్కు పోతున్నదీ అక్కడే.

మీరు ఇంటర్ దాకా తెలుగు చదివారు కాబట్టి ఉపమాలంకారం మరిచిపోయి ఉండరు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, రెండింటికీ కలిసిన గుణం సమానధర్మం, పోలికను చెప్పే 'లా', 'వలె' లాంటి మాట ఉపమావాచకం. ఇంగ్లీషు సిమిలీని విప్పి చూస్తే ఈ నాలుగూ కనిపిస్తాయి. ఇంగ్లీషు క్లాసులో మాత్రం చివరిదాన్నే పట్టుకుంటాం: 'లైక్' గానీ 'ఆజ్' గానీ ఉంటే సిమిలీ అని. నేనూ మొదటి ఏళ్లలో అలాగే చెప్పాను. ఒక ఏడాది పేపర్లు దిద్దుతుంటే 'ఐ లైక్ మ్యాంగోస్' అన్న వాక్యం కింద సగం క్లాసు సిమిలీ అని రాసింది. అక్కడ 'లైక్' అంటే ఇష్టపడటం, పోలికే లేదు. ఆ తప్పు పిల్లలది కాదు, లైక్ కోసం వెతకమని చెప్పిన నాది. ఆ తర్వాత నుంచి వెతకాల్సింది సమానధర్మాన్ని అని చెప్పడం మొదలుపెట్టాను. "ఈ రెండింటికీ కలిసిందేమిటి?" ఈ ఒక్క ప్రశ్న పాప అడగడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 'షీ లుక్స్ లైక్ హర్ మదర్' అన్న వాక్యంలో లైక్ ఉంది, పోలికా ఉంది. అయినా దాన్ని సిమిలీ అనరు. "పాప అచ్చం వాళ్లమ్మలా ఉంది" అంటే తెలుగులో ఉపమాలంకారం కానట్టే. మన వ్యాకరణ పుస్తకంలో 'మనోహరమైన పోలిక' అని ఉంటుంది. ఆ 'మనోహరమైన' అన్న మాటను బట్టీ పట్టేటప్పుడు మింగేస్తాం గానీ కీలకమంతా అందులోనే ఉంది. కూతురు, తల్లి ఒకే జాతి. ముఖం, చంద్రుడు వేరు వేరు. దూరంగా ఉన్న రెండింటిని దగ్గరికి తెచ్చినప్పుడే వినేవాడి మనసు ఒక్క క్షణం ఆగుతుంది. పాపకు ఇది ఒడియాలోనూ తెలిసే ఉంటుంది. మన 'లా', 'వలె' చేసే పని అక్కడ 'పరి' చేస్తుంది. ఒడియా వ్యాకరణంలోనూ ఉపమా, రూపక అన్న పేర్లే ఉంటాయి. మూడు భాషల్లో ఉన్నది ఒకే సంగతి అని పాపకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పండి.

అయితే ఒక జాగ్రత్త. పాత పుస్తకం తీసి పేరుకు పేరు అతికించకండి. 'ముఖచంద్రుడు' అంటే రూపకం, అందులో ముఖమూ ఉంది, చంద్రుడూ ఉన్నాడు. ముఖం ఊసెత్తకుండా మనిషిని చూపించి "అదిగో, చంద్రుడు వస్తున్నాడు" అంటే మన అలంకారశాస్త్రం దాన్ని అతిశయోక్తిలో ఒక రకంగా లెక్కేస్తుంది. ఇంగ్లీషులో రెండూ మెటాఫరే. పైగా హైపర్‌బొలీకి కూడా మనం అతిశయోక్తి అనే అర్థం చెబుతాం. పాప ఈ రెండింటి మధ్య నలిగిపోతుంది. పేర్లు ఎక్కడివి అక్కడ ఉంచి, పనిని పోల్చి చూపించండి.

పర్సానిఫికేషన్‌కు పెద్ద పాఠం అక్కర్లేదు. 'గోడలకు చెవులుంటాయి' అన్న సామెత చాలు. మనిషి కానిదానికి మనిషి లక్షణం వచ్చింది, అంతే. హైపర్‌బొలీ కూడా అంతే, 'కొండంత అండ' అంటే పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

అలిటరేషన్ దగ్గర మాత్రం మన పిల్లలకు ఒక గొప్ప వెసులుబాటు ఉంది, ఎవరూ వాడుకోరు. అలిటరేషన్ అంటే దగ్గర దగ్గరగా వచ్చే మాటలు ఒకే చప్పుడుతో మొదలవడం. అది రాసే అక్షరానికి సంబంధించింది కాదు, వినపడే చప్పుడుకు సంబంధించింది. సిటీ, క్యాట్, చైర్ మూడూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి, చప్పుళ్లు మూడు రకాలు. కాబట్టి అవి వరసగా వచ్చినా అలిటరేషన్ కాదు. ఫోన్, ఫ్యాన్ వేరు వేరు అక్షరాలతో మొదలవుతాయి, చప్పుడు ఒకటే. నైఫ్, నైట్ కూడా అంతే. అనుమానం వచ్చిన పంక్తిని తెలుగు లిపిలో రాసుకోమనండి. మన లిపి ఎలా పలుకుతామో అలా రాసేది కాబట్టి మాటల మొదట్లో ఒకే హల్లు వస్తోందో లేదో కళ్లకు కనబడిపోతుంది. స్పెల్లింగు వేసిన ముసుగు తొలగిపోతుంది. ఒకే హల్లు మళ్లీ మళ్లీ వచ్చే మన వృత్త్యనుప్రాసకూ దీనికీ చిన్న తేడా ఉంది. మనం హల్లు మాట మధ్యలో తిరిగి వచ్చినా లెక్కేస్తాం, వాళ్లు ముఖ్యంగా మాట మొదట్లో చూస్తారు.

ఇక పాప పాఠ్యపుస్తకంలోని పద్యం ఒకటి తీసుకుందాం. పదో తరగతి ఇంగ్లీషులో కార్ల్ సాండ్‌బర్గ్ రాసిన 'ఫాగ్' ఉంది. ఆరే ఆరు పంక్తులు. పొగమంచు చిన్న పిల్లిపాదాల మీద వస్తుంది, రేవునీ ఊరినీ చూస్తూ చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది, లేచి వెళ్లిపోతుంది. ఇంతే పద్యం. ఇందులో ఏముందని అడిగితే కొందరు పిల్లలు సిమిలీ అంటారు, పోలిక కనిపించింది కాబట్టి. పోలిక చెప్పే మాట పద్యంలో ఎక్కడా లేదు. కొందరు పర్సానిఫికేషన్ అంటారు. పిల్లి మనిషి కాదు. పొగమంచునే పిల్లిగా మార్చేసి ఆఖరు దాకా ఆ పిల్లినే నడిపించాడు కాబట్టి ఇది మెటాఫర్.

పేరు పెట్టడంతో ఆగిపోతే పద్యం మన చేతికి రానట్టే. పాపను అడగండి: పిల్లే ఎందుకు? కుక్క అని ఎందుకు రాయలేదు? ఏనుగు అంటే ఏమయ్యేది? మీ వంటింట్లోకి పిల్లి ఎలా వస్తుందో తనకు తెలుసు. వచ్చినట్టు తెలియదు. చూసేసరికి గట్టు మీద కూర్చుని ఉంటుంది. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు, తనకు తోచినప్పుడు పోతుంది. చలికాలం పొద్దున్నే మహేంద్రగిరి వైపు నుంచి మంచు దిగినప్పుడు మీ ఊరు కూడా అలాగే ఉంటుంది కదా. ఎప్పుడు వచ్చిందో తెలియదు, ఎదురింటి అరుగు కనబడదు, తొమ్మిదయ్యేసరికి ఉండదు. 'మంచు దిగింది' అంటున్నామంటే మనం కూడా దానికి కాళ్లు పెట్టినట్టే. సాండ్‌బర్గ్ రేవు పట్నం మంచును చూశాడు, మీ పాప కొండ కింది మంచును చూసింది. "నీకైతే అది ఏ జంతువులా అనిపిస్తుంది?" అని అడగండి. తను గొర్రెల మంద అన్నా, మేస్తున్న ఆవు అన్నా, ఎందుకో చెప్పించండి. అలా ఒక్కసారి సొంతంగా కట్టిన పిల్లకు ఇంకొకరు కట్టినది విప్పడం కష్టం కాదు.

జవాబు రాసేటప్పుడు కూడా ఇదే వరస. "ఇందులో మెటాఫర్ ఉంది" అన్న వాక్యానికి వచ్చేది తక్కువ. "కవి పొగమంచును పిల్లిగా చూపించాడు. పిల్లి అడుగుల చప్పుడు వినపడదు, పొగమంచు కూడా ఎవరికీ తెలియకుండా ఊరి మీదికి వస్తుంది. అది ఎవరి మాటా వినదు, తనంతట తానే వెళ్లిపోతుంది. అందుకే పద్యం చదివాక మంచు ప్రాణమున్నదానిలా అనిపిస్తుంది" అని ఈ అర్థం వచ్చేలా చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు నాలుగు రాస్తే చాలు. గొప్ప పదాలు అక్కర్లేదు.

ఐరనీ గురించి మీరు అడగలేదు గానీ అది కూడా తప్పకుండా వస్తుంది, పిల్లలు ఎక్కువ తడబడేది దాని దగ్గరే. పైకి ఒకటి అని లోపల ఇంకొకటి ఉద్దేశించడం ఒక రకం, మన ఎత్తిపొడుపు మాటల్లాగా. జరుగుతుందనుకున్నదానికి సరిగ్గా ఎదురు జరగడం రెండో రకం. మూడోది నాటకాల్లో వస్తుంది: చూసేవాళ్లకు తెలిసిన నిజం వేదిక మీది మనిషికి తెలియదు. దీనికి ఇంగ్లీషు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. విరాటపర్వంలో నర్తనశాలలో తనకోసం ద్రౌపది ఎదురుచూస్తోందనుకుని కీచకుడు సింగారించుకుని వెళ్తాడు. అక్కడున్నది భీముడని మనకు తెలుసు. ఉత్తరకుమారుడు తన ప్రగల్భాలన్నీ సాక్షాత్తూ అర్జునుడి ముందే పలుకుతాడు, ఆ బృహన్నల ఎవరో తెలియక. ఈ కథ పాపకు చెప్పి, "నీకు తెలిసింది వాడికి తెలియదు, అదే డ్రమాటిక్ ఐరనీ" అనండి. మరిచిపోదు.

ఇప్పుడు ఈథోస్, పాథోస్, లోగోస్. పేర్లు గ్రీకువి. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు అరిస్టాటిల్ వక్తృత్వం గురించి రాస్తూ, మాటతో ఒప్పించడానికి మూడు దారులున్నాయన్నాడు. చెప్పే మనిషి మీద కలిగే నమ్మకం ఈథోస్. వినేవాళ్ల మనసులో కలిగే కదలిక పాథోస్. చెప్పిన విషయంలోని కారణం, రుజువు లోగోస్.

మీ జిల్లా వాళ్లకు బాగా తెలిసిన సందర్భంలో పెట్టి చూపిస్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా ఎంత దెబ్బ తిన్నదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి తుఫానుకు ముందు రోజు, రేకుల ఇల్లు వదిలి రానని మొండికేసిన ఒక ముసలాయన దగ్గరికి ముగ్గురు వెళ్లారనుకుందాం. మొదటి మనిషి అంటాడు: "గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటి వస్తుందంటున్నారు. ఈ రేకులు మేకులతో కొట్టినవి, ఆగవు. స్కూలుకు శ్లాబు ఉంది, అక్కడికి పోదాం పద." కారణం చెప్పాడు, అది లోగోస్. రెండో మనిషి అంటుంది: "తాతా, నువ్వు రాకపోతే నీ మనవరాలూ రానంటోంది. ఆ పిల్లని ఈ రేకుల కింద కూర్చోబెడతావా?" అది పాథోస్. మూడో ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త. "పోయినేడు నీకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే కదా తాతా. నీకు చెడు చెబుతానా? మా అమ్మని కూడా అక్కడికే తీసుకెళ్తున్నాను." అది ఈథోస్.

తాత ఎవరి మాటకు కదులుతాడని పాపను అడగండి. ఎందుకని అడగండి. ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు వస్తుంది, ఎందుకంటే ఒప్పించడం వినేవాడిని బట్టి ఉంటుంది. ఒకే వాక్యంలో రెండు కలిసి ఉండటం కూడా పాప గమనిస్తుంది. 'మా అమ్మని కూడా తీసుకెళ్తున్నాను' అన్న మాటలో నమ్మకమూ ఉంది, మనసును తాకేదీ ఉంది. అలాంటప్పుడు ఏదో ఒక్కటే రాయాలని తికమక పడక్కర్లేదు. రెండూ రాసి, ఎలాగో చెబితే సరి.

ఈథోస్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే దీన్ని ఎక్కువమంది తప్పుగా నేర్చుకుంటారు. ఎథిక్స్‌లా వినపడుతుంది కాబట్టి నీతి అని రాసేస్తారు. లేదా పెద్ద డిగ్రీ, పెద్ద పేరు ఉంటేనే ఈథోస్ అనుకుంటారు. అరిస్టాటిల్ అన్నది వేరు. ఆ నమ్మకం మనిషికి ముందునుంచీ ఉన్న పేరు వల్ల కాకుండా, మాట్లాడే మాటల్లోంచే పుట్టాలన్నాడు. దానికి మూడు కావాలన్నాడు: విషయం తెలిసిన వివేకం, మంచి నడత, వినేవాళ్ల మేలు కోరే మనసు. అంటే పదిహేనేళ్ల మీ పాపకు ఏ డిగ్రీ లేకపోయినా డిబేట్‌లో ఈథోస్ సంపాదించుకోవచ్చు. ఎదుటివాళ్ల మాటలో నిజం ఉంటే "అది నిజమే" అని ముందు ఒప్పుకోవడం, తనకు తెలిసినంతవరకే చెప్పడం, తన ఇంట్లో, తన వీధిలో చూసిన సంగతి ఒకటి చెప్పడం. ఎదుటివాళ్లను గేలి చేసిన పిల్ల కన్నా ఇలా మాట్లాడిన పిల్ల మాట సభలో నిలవడం నేను ఎన్నోసార్లు చూశాను.

పాథోస్ అంటే ఏడిపించడమనో, మోసం చేయడమనో కొందరు పిల్లలకు చెబుతారు. నేను ఒప్పుకోను. భయం, కోపం, గర్వం, ఆశ, జాలి అన్నీ అందులోవే. పైన తాతకు కలిగించిన భయం నిజమైన ప్రమాదం గురించినది, అందుకే అది సరైనది. ఆ మాటలోంచి మనసును తాకేదాన్ని తీసేసి చూడాలి. మిగిలిన కారణం నిలబడితే పాథోస్ సాయం చేసింది. ఏమీ మిగలకపోతే అనుమానించాలి. అంకె కనబడగానే లోగోస్ అని రాయడం కూడా ఇలాంటి తొందరే. టీవీలో తెల్లకోటు వేసుకున్న మనిషి "పదిమందిలో తొమ్మిదిమంది ఇదే వాడుతున్నారు" అంటాడు. కోటు మన నమ్మకం కోసం, అంకె మన బుద్ధి కోసం. ఆ పదిమంది ఎవరో, ఎవరు అడిగారో చెప్పనంతవరకు ఆ అంకెకు బలం లేదు. సాయంత్రం టీవీ చూసేటప్పుడు పాప చేత ఈ పని చేయించండి, చదువులా కూడా ఉండదు.

సామ దాన భేద దండోపాయాలే ఇవి అని కొందరు పోలుస్తారు. వద్దు. దానంలో ఇచ్చేది వస్తువు, దండంలో వాడేది బలం. అరిస్టాటిల్ చెబుతున్నది మాట గురించి మాత్రమే.

అలంకారాలు ఒక పాఠం, ఈ మూడు దారులు ఇంకో పాఠం అని విడివిడిగా చెబుతారు గానీ, రెండూ కలిసే చోటు ఒకటి ఉంది. పాప కాస్త కుదుటపడ్డాక షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' మూడో అంకంలోని రెండు ప్రసంగాల కథ చెప్పండి. సీజర్‌ను చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ ముందు మాట్లాడతాడు. నా గౌరవాన్ని చూసి నన్ను నమ్మండి అంటాడు, రోము మీది ప్రేమతోనే చంపానని కారణం చెబుతాడు. జనం ఒప్పుకుంటారు. తర్వాత ఆంటొనీ వస్తాడు. బ్రూటస్‌ను తిట్టనే తిట్టడు. సీజర్ బందీల సొమ్ము ఖజానాలో వేశాడనీ, కిరీటం మూడుసార్లు ఇస్తే మూడుసార్లూ వద్దన్నాడనీ సాక్ష్యాలు చెబుతాడు. ఒక్కో సాక్ష్యం చెప్పాక "బ్రూటస్ గౌరవనీయుడు" అంటాడు. మొదటిసారి అది మర్యాదలా వినపడుతుంది. మళ్లీ మళ్లీ అనేసరికి అదే మాట తిట్టు అయిపోతుంది. పొడిచిన చోట చిరిగిన సీజర్ అంగీ చూపిస్తాడు. రోము పౌరుడు ఒక్కొక్కరికి 75 ద్రాక్మాలు రాసిపెట్టిన వీలునామా చదువుతాడు. జనం తిరగబడతారు. చూడండి, ఐరనీ అన్న అలంకారం బ్రూటస్ ఈథోస్‌ను పడగొట్టింది. అలంకారం పద్యానికి పెట్టిన నగ కాదని, అది ఎదుటివారి మనసు మీద పని చేస్తుందని పాపకు అర్థమయ్యేది ఇలాంటి చోటే. 'ఆవిడ మహా మంచిదమ్మా' అని నాలుగోసారి అన్నప్పుడు ఆ మాట ఏమవుతుందో మన వీధుల్లో తెలియనివాళ్లు లేరు కాబట్టి, ఆంటొనీ పాపకు కొత్తవాడేమీ కాదు.

డిబేట్ కన్నా ముందు ఇంట్లో ఒకటి చేయించండి. పాపకు నిజంగా కావలసింది ఏదో ఉంటుంది, స్నేహితులతో గోపాల్‌పూర్ బీచికి వెళ్లడమో, కొత్త సైకిలో. దాని కోసం వాళ్ల నాన్నకు ఒక ఉత్తరం రాయమనండి. మొదటిసారి "అందరూ వెళ్తున్నారు" అని రాస్తుంది. అది నాన్న మీద పనిచేయదని తనకే తెలుసు. నాన్నకు ఏది పట్టింపు, డబ్బా, భద్రతా, చదువు పోతుందన్న భయమా? దాన్ని బట్టి తిరిగి రాయమనండి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మీ వారికి మాత్రం ముందే చెప్పండి: ఉత్తరం నిజంగా ఒప్పించేలా ఉంటే ఒప్పుకోవాలి. లేకపోతే పాప ఇంకెప్పుడూ రాయదు.

ఇవన్నీ ఒక్క వారంలో చేయకండి. మొదటి రెండు వారాలు ఆ పది తెలుగు మాటలు, ఆ తర్వాత పాఠ్యపుస్తకంలోంచి వారానికో పద్యం. ఈ మూడు దారుల సంగతి అది అలవాటయ్యాక.

వచ్చే మీటింగుకు ఆ నోట్సు తీసుకెళ్లండి. టీచరు గారికి తెలుగు చదవడం రాకపోవచ్చు. అప్పుడు మీరేమీ చెప్పకండి. 'నిద్ర ముంచుకొస్తోంది' అంటే ఏమిటో, అందులో ఏరు ఎక్కడుందో, పాపనే ఆయనకు ఇంగ్లీషులో చెప్పనివ్వండి.